తొమ్మిది కిలోల బిగువు

పేస్టు ఆరడానికి గంట పడుతుందని ట్యూబు మీద రాసి ఉంది. హిందీలో చదివినా గంటే, ఇంగ్లీషులో చదివినా గంటే. ఒకటిన్నరకు ఈశ్వరి ఇంజను ముందు భాగంలో నీళ్ళ గొట్టం మూతకి ఆ నల్లటి పేస్టు పూసి, రెండు బోల్టులూ బిగించి, సర్ఫుతో చేతులు కడుక్కుని, పికప్ తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చుంది. రెండున్నరకు నీళ్ళు పోయాలి, పెట్రోలు పోయాలి, తాళం తిప్పాలి. ఈ బండి కోసం పద్నాలుగు నెలలు ఆగిన మనిషికి గంట ఒక లెక్కా అనుకుంది గాని, కూర్చున్న రెండు నిమిషాలకే ఫోనులో టైము రెండుసార్లు చూసుకుంది. పెరట్లో పూసు నెల చలికి ఎండ హాయిగా ఉంది. పక్కింటి వాళ్ళ డాబా మీద దుప్పట్లు ఆరేసి ఉన్నాయి, ఏటివైపు నుంచి తడి ఇసుక వాసన వస్తోంది, సందులో ఎవరో పిల్లలు ప్లాస్టిక్ బంతితో ఆడుతూ ఔటా కాదా అని తగువులాడుకుంటున్నారు. ఆమె రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టింది. స్టీరింగు చల్లగా ఉంది. ఈ సీట్లో ఇలా కూర్చునే, ఇంచు కదలకుండా, ఆమె సాక్చీ బజారు దాకా, బిష్టుపూర్ దాకా ఎన్నిసార్లు వెళ్ళొచ్చిందో. క్లచ్చి తొక్కడం, గేరు వెయ్యడం, కాలు మెల్లగా వదలడం. ఫోను వీడియోలో ఒకాయన హిందీలో చెప్పేవాడు, ఆమె ఇక్కడ చేసేది. పెరటి గోడ మాత్రం ఎదురుగా కదలకుండా నిలబడి ఉండేది.

సీటు కుట్టింది కూడా ఆమే. మొదట చేతికొచ్చిన పని అదే, ఎందుకంటే అది తెలిసిన పని. పాత రెక్సిను విప్పి చూస్తే లోపల కొబ్బరిపీచు, పీచులో ఎలకలు పెట్టుకున్న గూడు, గూట్లో తగరపు తళుకులు, పెళ్ళిపందిరి పూసలు, ఎవరిదో జడపిన్ను. ఎలక్కి కూడా ఎంత సోకు అని నవ్వుకుంది. కుట్టు మిషను మీద అంత మందం రెక్సిను ఎక్కదని బజార్లో అన్నారు. ఆమె పద్దెనిమిదో నంబరు సూది వేసి, పాదం కింద ఒత్తిడి తగ్గించి, చక్రం చేత్తో తిప్పుకుంటూ రెండు వరసల కుట్టు వేసింది. మిషనుకి ఓపిగ్గా చెబితే వింటుంది. ఇరవై ఆరేళ్ళుగా స్కూలు యూనిఫారాలు, జాకెట్లు, కంపెనీ వాళ్ళ నీలం చొక్కాలు కుట్టి ఆమె నేర్చుకున్నది అదే. దారం తెగితే దారాన్ని తిట్టకూడదు, ఎక్కడ బిగిసిందో చూడాలి. ఇంజను విప్పినప్పుడు కూడా అలాగే అనిపించింది. పైకి చూస్తే నల్లగా, పెద్దగా, భయంగా ఉంది గాని లోపల అంతా ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకీ కిందకీ వెళ్ళే వస్తువులే. బాబిన్ తిరగకపోతే సూది ఎందుకు కుడుతుంది?

కూతురు శ్వేత ఇంకా రాలేదు. పెట్రోలు డబ్బా స్కూటీకి కట్టుకుని బిష్టుపూర్ వెళ్ళింది, దారిలో స్నేహితురాలు కనబడితే ఇంకో గంట. పాలిటెక్నిక్ మూడో ఏడు. ఈశ్వరి తెలుగులో పిలుస్తుంది, పిల్ల హిందీలో పలుకుతుంది, ఇద్దరికీ అది రెండు భాషలని గుర్తే ఉండదు. రంగు ఎంచినప్పుడు మాత్రం పెద్ద గొడవైంది. శ్వేత ఎరుపన్నది. ఈశ్వరి పెట్టెలోంచి ఒక జాకెట్టు గుడ్డ తీసి, పచ్చి మామిడికాయ చెక్కు రంగు, దాన్ని బిష్టుపూర్లో రంగుల దుకాణానికి పట్టుకెళ్ళి, ఇదిగో ఈ రంగు కలపండి అంది. కౌంటరు దగ్గర కుర్రాడు గుడ్డ వంకా ఆమె వంకా చూసి, గోడలకా అని అడిగాడు. బండికి అంది. నాలుగుసార్లు కలిపించింది. జాకెట్టుకి లైనింగు కలవకపోతే ఒప్పుకోని మనిషి బండికి ఒప్పుకుంటుందా.

బండి పెళ్ళిపందిళ్ళు వేసే టెంటుహౌసు వాళ్ళది. సందు చివర రేకుల షెడ్డులో, విరిగిన కుర్చీల కింద, పందొమ్మిదేళ్ళుగా చక్రాల్లో గాలి లేకుండా కూర్చుని ఉండేది. జీపు ముక్కు, గుండ్రటి దీపాలు, వెనక చెక్కపలకల తొట్టి. షెడ్డు కూల్చి గోడౌను కడతామని, బండిని కోసి తుక్కుకి ఇచ్చేస్తామని టెంటుహౌసు కోడలు రీనా ఒక రోజు మాటల్లో అంది. ఈశ్వరి అప్పుడు ఆమెకి జాకెట్టు కొలతలు తీస్తోంది. టేపు చేతిలో ఉండగానే, ఎప్పటినుంచో ఆలోచించి పెట్టుకున్నట్టు, "రీనా, ఉస్కో కాట్నా మత్, ముఝే దే దో," కోయించొద్దు, నాకిచ్చెయ్యి అనేసింది. రీనా నవ్వలేదు. బదులుగా మా పందిళ్ళకి కొత్త ఝాలర్లు కుట్టిపెడతావా అని అడిగింది. మూడు నెలలు కుట్టింది ఈశ్వరి. పసుపు శాటిన్, ఎర్ర శాటిన్, కుచ్చులు కుచ్చులుగా, ఇల్లంతా పందిరిలా అయిపోయింది, అన్నం తింటుంటే కంచంలోకి కుచ్చులు వేలాడేవి. మూడు నెలలయ్యాక ట్రాక్టరు బండిని ఈడ్చుకుంటూ వచ్చింది. పెరట్లోకి పట్టక గోడ పడగొట్టాల్సి వచ్చింది. గోడలో ఆ ఖాళీకి ఇప్పటికీ టార్పాలిన్ కట్టే ఉంది.

భర్త అసిరయ్య ఆ రోజు డ్యూటీ నుంచి వచ్చి, సైకిలు దిగకుండా, ఒక కాలు నేల మీద ఆనించి చాలాసేపు చూశాడు. అతను ఉక్కు కంపెనీలో తుక్కు యార్డులో క్రేను నడుపుతాడు. పైన గాజు గదిలో కూర్చుని, కింద ఇంత పెద్ద అయస్కాంతం వేలాడదీసి, పాత బస్సుల రేకులు, లారీల చట్రాలు, విరిగిన పట్టాలు ఎత్తి ఎత్తి పోస్తాడు, అవి కొలిమిలోకి పోతాయి. ఇరవై ఏడేళ్ళుగా అదే. బండి అంటే అతనికి ఎప్పటికైనా కరిగేదే. "రోజంతా ఇదే మోత్తన్నాను అక్కడ. ఇంటికాడ కూడానా?" అన్నాడు. "నాను దీన్ని ముట్టను ఈశ్వరీ. ఇప్పుడే సెప్తన్నాను, తరవాత ఆ సాయం సెయ్యి ఈ సాయం సెయ్యి అంటే కాదు." "నిన్నెవరు ముట్టమన్నారు బావా?" అందామె. మేనత్త కొడుకు, చిన్నప్పటినుంచీ బావా అనే పిలుపు, పెళ్ళయినా మారలేదు. మాట మీద నిలబడ్డాడు మనిషి. పద్నాలుగు నెలలు ముట్టలేదు. దాని పక్కనుంచి వెళ్ళేటప్పుడు కూడా పక్కింటి వాళ్ళ ఆవు పక్కనుంచి వెళ్ళినట్టు కొంచెం దూరంగా వెళ్ళేవాడు. అడగడం మాత్రం అప్పుడప్పుడు అడిగేవాడు, ఇదే ఎందుకే, కావాలంటే కొత్త ఆటో తీసుకోవచ్చు కదా అని. బట్టల మూటలు మోయడానికి అని చెప్పేది ఆమె. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

నిజం చెబితే ఏమనుకుంటారు? ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు సువర్ణరేఖ ఏరు పొంగి తాముండే భుయ్యాడీహ్ సందుల్లోకి వచ్చేసింది. పొద్దున్నే పాలవాడు రావలసిన టైముకి నీళ్ళొచ్చాయి, ఎర్రగా, చడీచప్పుడు లేకుండా, గడప దాటి వచ్చి వంటింట్లో పీట మీదకెక్కాయి. నాన్న పోలయ్య అమ్మ కుట్టు మిషను తల విప్పి గోనెలో చుట్టి ఈశ్వరి ఒళ్ళో పెట్టి, "ఇది వదలకు తల్లీ," అన్నాడు. టెంటుహౌసు పికప్ వచ్చింది, ఇదే పికప్, అప్పుడు నీలం రంగు, ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఎక్కించుకుని కాసిడీహ్ స్కూలుకి. అందరూ ఏడుస్తున్నారు. అమ్మ ఏడుస్తోంది, పెద్దమ్మ పోయిన బియ్యం గురించి, కోళ్ళ గురించి ఏడుస్తోంది. తొట్టిలో జాగా లేక డ్రైవరు ఈశ్వరిని ముందు తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బండి కదిలింది. నీళ్ళు రెండు పక్కలా రెక్కల్లా లేచాయి. ఒళ్ళో ఇనప మిషను బరువు, కింద ఇంజను గుర్రుమని వణుకు, ఆ వణుకు అరికాళ్ళలోంచి పళ్ళదాకా వచ్చి పళ్ళు టకటకమన్నాయి, ముందు అద్దంలోంచి లోకమంతా తన వైపే పరుగెత్తుకొస్తోంది, చెట్లు, స్తంభాలు, తడిసిన కుక్కలు. అంత సంతోషం ఆమెకి ముందెప్పుడూ తెలియదు. రిక్షా తప్ప ఏదీ ఎక్కని పిల్ల. ఎవరైనా చూస్తారేమోనని మిషను గోనెలో మొహం దాచుకుంది, ఏడుస్తోందనుకుని డ్రైవరు తల నిమిరాడు. ఇల్లు మునిగిన రోజున సంతోషపడిన పిల్ల ఎలాంటి పిల్లో అని చాలా ఏళ్ళు తనని తాను అడుగుతూనే ఉంది. పెళ్ళికి ముందు బావకి చెబుదామనుకుంది. శ్వేతకి చెబుదామనుకుంది. చెప్పలేదు. షెడ్డు ముందునుంచి వెళ్ళినప్పుడల్లా మాత్రం ఒకసారి తల తిప్పి చూసేది.

రెండూ ఐదు. ఆమె తలుపు తీసుకుని దిగింది. కూర్చోబుద్ధి కావడం లేదు. ఒక చక్రాన్ని కాలితో తన్ని చూసింది, మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది. బ్రేకులు బాగున్నాయి, వాటిని మాత్రం తన చేతి పనికి వదలకుండా సాక్చీ నుంచి మెకానిక్కుని పిలిపించింది. మిగతాదంతా తనే. విప్పిన ప్రతి ముక్కనీ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి, జాకెట్లకి కట్టినట్టే గుడ్డపీలిక చీటీ పిన్నుతో గుచ్చి, ఎడమ పక్క, కుడి పక్క, మొదట విప్పింది, తర్వాత విప్పింది అని రాసి పెట్టింది. తుప్పు గీకీ గీకీ వేళ్ళ కొసలు మొద్దుబారాయి, ఒక నెలంతా సన్న పట్టుబట్టల పని తీసుకోలేకపోయింది, వేలికి దారం తెలియలేదు. కార్బురేటరు మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించింది, మూడోసారి ఒక చిన్న స్ప్రింగు మిగిలిపోయింది, అది ఎక్కడిదో నాలుగు రోజులు నిద్రలో కూడా వెతికింది. చివరికి పోయిన గురువారం ఇంజనుకి తల పెట్టారు, పైన మూతలా కూర్చునే ఇనప దిమ్మ. పెట్టింది తనూ శ్వేతా కలిసి, చెరో పక్కా పట్టుకుని, కొత్త గాస్కెట్ పొర మీద, చంటిబిడ్డని పడుకోబెట్టినట్టు.

ఆ తలకి పదిహేను బోల్టులు. అన్నీ ఒకే బిగువు ఉండాలి, ఒకటి వదులైతే నీళ్ళు నూనెలో కలుస్తాయి, ఒకటి ఎక్కువైతే గాస్కెట్ నలుగుతుంది. దానికి కొలత చెప్పే పానా వేరే ఉంటుంది, అది వాళ్ళ దగ్గర లేదు. శ్వేత పుస్తకం చూసి లెక్కకట్టింది. మీటరు పొడుగున్న పైపు పానాకి తొడిగి దాని కొసని తొమ్మిది కిలోల బరువుతో లాగితే చాలంది. ఈశ్వరి టైలరు టేపుతో పైపుని సరిగ్గా మీటరు కొలిచింది. చేపల చిలకమ్మ దగ్గర కొక్కెం త్రాసు అడిగి తెచ్చింది. "ఏటే, ఏ సేప తూత్తావు ఈ త్రాసుతోటి?" అని చిలకమ్మ అడిగితే, "ఇనప సేప పిన్నీ," అంది. పైపు కొసకి కొక్కెం తగిలించి, ముల్లు తొమ్మిది మీదకి వచ్చేదాకా లాగడం, ఆపడం, పక్క బోల్టుకి పోవడం. మధ్యలోంచి మొదలెట్టి చుట్టూ. మొదట మూడు కిలోలు, తర్వాత ఆరు, తర్వాత తొమ్మిది. మూడు చుట్లు తిరిగేసరికి సాయంత్రమైంది, భుజాలు పడిపోయాయి, అంత తృప్తిగా ఆమె ఎప్పుడూ అన్నం తినలేదు. ఆ రోజునుంచి దుమ్ము పడకుండా తల మీద పాత దుప్పటి కప్పి ఉంచింది. ఇవాళ పేస్టు పూయడానికి ముందు దుప్పటి కొస మాత్రం మడిచింది.

ఇప్పుడు ఆ బోల్టుల్ని ఒకసారి చూసుకోవాలనిపించింది. ఊరికే. బాగా కుదిరిన జాకెట్టుని తీసుకెళ్ళేవాళ్ళు వచ్చేలోగా ఇంకోసారి విప్పి చూసుకోదూ, అలాగ. బానెట్టు ఎత్తి, దుప్పటి పూర్తిగా తీసేసింది.

ప్రతి బోల్టు మీదా పసుపు గీత ఉంది. సన్నగా, బోల్టు నెత్తి మీదనుంచి పక్కన ఇనుము మీదకి దిగుతూ, ఒకే తీరుగా, పదిహేనింటికీ. తను గియ్యలేదు. శ్వేత గియ్యలేదు, గీస్తే ఇంటిల్లిపాదికీ చెప్పేది. శుక్రవారం తను కాసిడీహ్లో యూనిఫారాలు ఇవ్వడానికి వెళ్ళింది, శ్వేతకి కాలేజీ, అసిరయ్యకి వారపు సెలవు, ఇంట్లో అతనొక్కడే. ఈశ్వరి ఆ గీతల వంక చూస్తూ నిలబడింది, చెవులు వేడెక్కాయి. విప్పాడు. విప్పి, తన చేత్తో మళ్ళీ బిగించాడు. ముట్టనన్నవాడు. తను తాళం వేసి వచ్చాక వెనకనుంచి వచ్చి తాళం లాగి చూసే మనిషి, తను గ్యాసు కట్టేశాక లేచి వెళ్ళి మళ్ళీ కట్టే మనిషి, ఇరవై రెండేళ్ళ కాపురంలో తను కట్టిన ఏ మూటనీ విప్పి ముడి మార్చకుండా మోసి ఎరగని మనిషి. ఇంక ఈ బండి స్టార్టయితే ఎవరి బండి స్టార్టయినట్టు? ఆమె వంగి పానా తీసుకుంది. అన్నీ విప్పేస్తుంది. తల ఎత్తి, గాస్కెట్ తీసి అవతల పారేసి, ఇంకోటి తెచ్చి, తనే, మూడు, ఆరు, తొమ్మిది. ఇంకో నెల పడితే పడనీ. పానాని మధ్య బోల్టుకి తగిలించింది. లాగబోయి ఆగింది.

ఏడేళ్ళప్పుడు శ్వేత తన బొమ్మకి గౌను కుట్టింది. చేత్తో, ఎర్రదారంతో, వంకరటింకర కుట్లు. పిల్ల నిద్రపోయాక ఈశ్వరి ఆ కుట్లు విప్పేసి మిషను మీద చక్కగా వేసిపెట్టింది, పొద్దున్న లేచి మురిసిపోతుందని. పిల్ల పొద్దున్న గౌను తిప్పి తిప్పి చూసింది. బొమ్మకి తొడిగింది. ఆ తర్వాత సూది పట్టలేదు, ఇప్పటిదాకా, చొక్కా గుండీ ఊడినా తల్లి దగ్గరికే తెస్తుంది. ఎన్నేళ్ళో ఆ సంగతి ఈశ్వరికి తట్టనే లేదు. తట్టినప్పుడు ఒక్కతే మిషను ముందు కూర్చుని చాలాసేపు తొక్కకుండా ఉండిపోయింది. చెడ్డబుద్ధితో చేసిందా? కాదు. ఆ కుట్లు చూసి చెయ్యి ఊరుకోలేదు, అంతే. అసిరయ్య చెయ్యి కూడా ఊరుకోలేదేమో. అడగకుండా విప్పకూడదు, అది అతనికైనా తనకైనా. ఆమె పానాని బోల్టు మీదనుంచి తీసి, గుడ్డతో తుడిచి, ముందు చక్రం పైన ఫెండరు మీద పెట్టింది. మళ్ళీ వచ్చి సీట్లో కూర్చుంది. ఎండ కాళ్ళ మీదకి జరిగింది. షిఫ్టు దిగే కంపెనీ భోంపూ ఎప్పుడో మోగి ఉంటుంది, తను వినలేదు.

స్కూటీ చప్పుడైంది. శ్వేత డబ్బా ఊపుకుంటూ వచ్చి, "మమ్మీ, పెట్రోల్ ఆ గయా. పాపా భీ పీఛే ఆ రహే హైఁ," అని తల్లి మొహం చూసి ఆగిపోయింది. వెనకే అసిరయ్య సైకిలు స్టాండు వేసి, టిఫిను గిన్నె హ్యాండిలుకి అలాగే వదిలి వచ్చాడు. బానెట్టు ఎత్తి ఉండడం చూశాడు. దుప్పటి కింద పడి ఉండడం చూశాడు. చొక్కా జేబులో పసుపు పెన్ను కొస కనబడుతోంది, దాని మీద చెయ్యి వేసుకున్నాడు.

"విప్పినావా బావా?" అందామె. దిగలేదు.

"నేదు."

"మరి ఆ గీతలేటి?"

అసిరయ్య దగ్గరికి వచ్చి, తలుపు మీద చెయ్యి వేయబోయి, తీసేసి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "మా ఫిట్టరు దగ్గర కొలత పానా ఉంటాది. ఒక్క పూటకి అడిగి తెచ్చినాను. ఎంత బిగువో అంత పెట్టుకుంటే, అంతకి రాగానే టక్కుమంటాది, బోల్టు కదలదు. వదులుంటే టక్కుమనే ముందు తిరుగుతాది. త్రాసు కట్టి బిగించినారంటే నాకు నమ్మకం నేదు, ఉన్నమాటే సెప్తన్నాను. మొదటిదానికి పెట్టినాను, టక్కుమంది. రెండోదీ టక్కుమంది. పదిహేనింటికి పదిహేనూ టక్కుమన్నాయి ఈశ్వరీ. ఒక్కటి ఇంత కదల్నేదు." చిటికెనవేలి గోరు చూపించాడు. "అక్కడ ఇన్స్పెక్షన్ అయినాక బాగుంటే గీత గీత్తారు. బాగుంటేనే. అలవాటు కొద్దీ గీసేసినాను."

"నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే ముట్టినట్టు కదా." పెన్నుని జేబు లోపలికి తోసి, "నీ పనిలో నాను సెయ్యి పెట్టినట్టుంటాదని," అన్నాడు.

ఈశ్వరి అతన్నే చూసింది. ముట్టననే పంతం కోసమో, ఆమె కోసమో, మూడు రోజులు ఆ మాట కడుపులో పెట్టుకుని తిరిగిన మనిషి మొహం. శుక్రవారం రాత్రి వంకాయకూరలో ఉప్పు ఎక్కువైనా అతను రెండోసారి వడ్డించుకోవడం గుర్తొచ్చింది. ఆమెకి నవ్వొచ్చింది, ఆపుకుందామంటే ఆగలేదు. పెదవుల కొసల నుంచి మొదలై భుజాల దాకా పాకింది. "క్యా హువా, క్యా హువా," అంటూ శ్వేత ఇద్దరి మధ్యా డబ్బా పట్టుకుని నిలబడింది.

రెండూ నలభై. నీళ్ళు పోశారు. పెట్రోలు పోశారు. పేస్టు దగ్గర వేలు పెట్టి చూసుకుంది, పొడిగా ఉంది. ఈసారి అసిరయ్యే గరాటు పట్టుకున్నాడు. "ఇప్పుడైనా సెప్పు, ఇదే బండి ఎందుకే?" అన్నాడు పెట్రోలు చుక్క కింద పడకుండా చూస్తూ. "సెప్తాను. చాలా ఉంది. ముందు ఇది కానీ," అందామె. తాళం తిప్పింది. మోటారు కొక్కొక్కొమని తిరిగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి చోకు లాగి, కాలు సగం నొక్కి, ఊపిరి బిగపట్టి తిప్పితే, ఎక్కడో లోపల ఒక తుమ్ము, ఇంకో తుమ్ము, వెనకనుంచి నల్లటి పొగ, పొగలో తుప్పు రవ్వలు, ఆ తర్వాత గుర్రుమని, ఒక్కటిగా, ఆగకుండా. ఫెండరు మీద పానా వణికి కింద పడింది. ఆ వణుకు సీటు గుండా, తను వేసిన రెండు వరసల కుట్టు గుండా వెన్నులోకి ఎక్కింది. సందులో ఆట ఆగిపోయింది. రీనా తన డాబా మీదకి వచ్చి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. శ్వేత ఇంజను మీదకి వంగి, చెవి పెట్టి, నీళ్ళు ఎక్కడా కారడం లేదని తల అడ్డంగా ఊపుతోంది, ఊపుతూనే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, ముగ్గుర్లో ఎవరూ ఇంతవరకూ నాలుగు చక్రాల బండి కదిలించి ఎరగరని. క్రేను లైసెన్సున్న మనిషికి రోడ్డు మీద సైకిలే గతి. శ్వేతకి స్కూటీ. "సందు చివరిదాకానే," అంది ఈశ్వరి. శ్వేత వచ్చి పక్కన కూర్చుంది. అసిరయ్య పరుగెత్తి టార్పాలిన్ తాడు విప్పి, పడగొట్టిన గోడ ఖాళీలో బండికి ఎదురుగా నిలబడ్డాడు. ఇరవై ఏడేళ్ళు పైన గాజు గదిలో కూర్చుని కిందవాళ్ళ చేతి సైగలు చూసి పని చేసిన మనిషి, ఇవాళ తనే నేల మీద నిలబడి సైగ చెయ్యాలి. వెనక్కి నడుస్తూ కుడిచెయ్యి పైకెత్తి, చూపుడువేలు ఆకాశం కేసి పెట్టి, గిరగిరా తిప్పుతున్నాడు.

"అదేటి, ఏటంతన్నాడు?"

శ్వేత నవ్వుతూ కడుపు పట్టుకుంది. "మమ్మీ, వో క్రేన్ వాలా ఇషారా హై. ఉఠానే కో బోల్ రహే హైఁ."

"ఎత్తమంతన్నాడా?" అని, గేరు మొదటిదానిలో ఉందో లేదో ఇంకోసారి చూసుకుని, "అలగే, ఎత్తుదాం," అంటూ ఈశ్వరి క్లచ్చి మీదనుంచి మెల్లగా, మెల్లగా కాలెత్తింది.